చెరువు పటం: ఏడాది చూపు, రెండు నెలల కలం

వినాయక నిమజ్జనం అయిన రెండు మూడు వారాలకు హైదరాబాద్ ప్రగతి నగర్‌లో అంబీర్ చెరువు గట్టు వెంట తలవంచుకుని నడిస్తే మేకులు దొరుకుతాయి. విగ్రహాల చట్రాల్లోంచి ఊడిపడ్డ మేకులు, వంకర తిరిగిన కట్టుతీగ ముక్కలు. నీళ్ళలో నాని, ఎండలో ఎండి, ఎర్రగా తుప్పుపట్టి ఉంటాయి. వాటిని ఏరి తెచ్చి బెల్లం నీళ్ళలో మూడు వారాలు నానబెడితే ఆ తుప్పే సిరా అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో రామాయణ భారతాల బొమ్మలకు గీత పడేది ఇలాంటి సిరాతోనే.

ఆ సిరాతో చెరువు కథ రాయడం ఎలాగో ఇక్కడ చెబుతాను. రెండు మీటర్ల నూలు బట్ట, పన్నెండు గళ్ళు, గడికో నెల. ప్రతి గడిలో నడిమి గీత నీటి మట్టం. గీతకు పైన ఆ నెలలో చెరువు దగ్గర కంటపడ్డ పిట్టలు, మొక్కలు. గీతకు కింద ఆ నెల నీటి రంగు, చూపు నీటిలోకి ఎంత లోతు దిగిందో అంతవరకే. అక్కడి నుంచి కిందికి అంతా నలుపు. దీన్నే మేం చెరువు పటం అంటున్నాం.

చెరువు బొమ్మ అనగానే పిల్లలు నీలం రంగు తీస్తారు. పెద్దలమూ అంతే. ఏడాదిపాటు నీటిని కొలిచినవాడి చెయ్యి మాత్రం నీలం వైపు అంత తేలిగ్గా పోదు. కొలవకుండా వేసిన బొమ్మ చెరువును పొగుడుతుంది, కొలిచి వేసిన బొమ్మ చెరువు మాట వింటుంది. ఈ పని మొత్తం ఆ వినడం కోసమే.

ఇలా శాస్త్రం, బొమ్మ ఒకే బల్ల మీద కూర్చోవడం తెలుగు నేలకు కొత్త కాదు. 1780ల్లో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు మన చిత్రకారుల చేత కోస్తా మొక్కల బొమ్మలు వేయించాడు. వేరు నుంచి గింజ దాకా కొలిచి వేసిన బొమ్మలవి. వాటిలోంచి 300 ఎంచి 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే పుస్తకంగా అచ్చువేశారు. అందులో మొక్కల తెలుగు పేర్లున్నాయి, బొమ్మలు వేసినవారి పేర్లు లేవు. అద్దకపు ఎరుపునిచ్చే చిరివేరు మొక్కకు ఆ పుస్తకంలో ఒక పుట దక్కింది. మొక్కను పరిశీలించే శాస్త్రం, ఆ మొక్కతో బట్టకు రంగు వేసే విద్య ఆ పుటలో కలుసుకున్నాయి. మన పటం ఆ దారిలోనిదే.

మొదటి మెట్టు: ఏడాది చూడడం

కలంకారీలో నలుపు ముందు, ఎరుపు తర్వాత, మిగతా రంగులు చివర. బట్టంతా ఒక్కో రంగుకు ఒక్కోసారి సిద్ధమవుతుంది. నెలకో గడి వేసుకుంటూ పోదామంటే కుదరదు. మొదటిసారి నేను అలాగే మొదలుపెట్టి మూడో గడికే బట్ట చెడగొట్టుకున్నాను. కాబట్టి మొదటి ఏడాది బట్ట జోలికి పోవద్దు. ఒక నోటుపుస్తకం చాలు.

నెలకు నాలుగు ఆదివారాలు, రోజుకు రెండు పూటలు. ఈ రెండు పూటల నియమం నాకు చెప్పింది గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన.

“ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?” అని అడిగాడు.

“నీళ్ళ రంగు, తాతా.”

“పొద్దుగాల్ల చెరువు వేరు, పగటీలి చెరువు వేరు. రెండూ చూడాలె. తెల్లారకముందు చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తయ్, చూసినవా?”

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మురుగుతో పాటు వచ్చే నత్రజని, భాస్వరం తిని నీటిలో పాచి పెరుగుతుంది. పగలు ఎండలో ఆ పాచి ప్రాణవాయువును విడుస్తుంది. నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువును పీల్చేసుకోవడంతో మధ్యాహ్నానికి నీటి క్షార గుణం పెరుగుతుంది. రాత్రి వెలుగు లేదు గనక పాచి కూడా చేపల్లాగే ప్రాణవాయువును వాడుకుంటుంది. తెల్లవారుజాముకు నీటిలో అది అడుగంటుతుంది. చేప నోరు తెరిచేది అందుకే. గాలం తాతకు తెలిసిన సంగతిని పటంలోకి తేవాలంటే ప్రతి గడిని నిలువునా రెండుగా చేయాలి. ఎడమ సగం పొద్దుటి నీరు, కుడి సగం మధ్యాహ్నపు నీరు.

పుస్తకంలో ప్రతిసారీ ఐదు సంగతులు రాయండి: తేదీ, వేళ, వాన పడి ఎన్నాళ్ళైంది, నీటి వాసన, కంటపడ్డ ప్రాణులు. పేరు తెలియని పిట్టను పేరు లేకుండానే గీయండి. ముక్కు రంగు, కాళ్ళ పొడుగు, అది నిలబడ్డ చోటు రాసుకుంటే పేరు తర్వాతైనా దొరుకుతుంది. మన వైపు చెరువుల్లో కొంగలు, నీటికాకులు, నీటికోళ్ళు, లకుముకి పిట్టలు తరచూ కనిపిస్తాయి. ఏది ఏ నెలలో లేదో కూడా రాయాలి. ఖాళీ కూడా సమాచారమే.

గుర్రపు డెక్కను ప్రత్యేకంగా చూడండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన మొక్కను ఒకటి కర్రతో లాగి తిరగేయండి. పైన లేత ఊదా పువ్వు, అందులో ఒక రేకు మీద నెమలికన్నులా పసుపు చుక్క. కాడ మధ్యలో గాలి నిండిన బుడిపె. నొక్కితే స్పాంజిలా మెత్తగా ఉంటుంది. కింద నల్లటి వేళ్ళు జడలా వేలాడతాయి, వాటి నిండా ఒండ్రు, చిన్న నత్తలు. దక్షిణ అమెరికా నుంచి 19వ శతాబ్దం చివర్లో మన దేశానికి వచ్చిన మొక్క ఇది. నీటిలో ఎరువు ఎక్కువైతే, వేడి అనుకూలిస్తే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. దాని తప్పేమీ లేదు, మనం వదిలిన ఎరువును అది తింటోంది. బొమ్మలో పువ్వు ఒక్కటే గీసి వదిలేయకండి, వేళ్ళు కూడా గీయండి.

రెండో మెట్టు: నీటిని కొలవడం

నీటిలో చూపు ఎంత లోతు దిగుతుందో కొలిచే పద్ధతిని 1865లో ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కి అనే మతగురువు, ఖగోళ శాస్త్రజ్ఞుడు సముద్రం మీద పరీక్షించాడు. తెల్ల బిళ్ళను తాడుతో నీటిలోకి దించి, అది కనిపించకుండా పోయిన లోతును రాసుకోవడం. చెరువులకు వాడే బిళ్ళ ఇప్పుడు 20 సెంటీమీటర్ల వెడల్పున, నలుపు తెలుపు పావులతో ఉంటుంది. పడవ ఉంటే అదే మేలు. గట్టు మీద నుంచి కొలిచే మనకు, అందులోనూ పిల్లలతో వెళ్ళినప్పుడు, గొట్టం పద్ధతి క్షేమం.

మీటరు పొడుగున్న పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తీసుకోండి. ఒక చివర నీరు కారకుండా మూత బిగించండి. మూత లోపలి వైపు నలుపు తెలుపు పావులు వేసిన చిన్న బిళ్ళను అతికించండి. గొట్టం పక్కన సెంటీమీటర్ల టేపు అంటించండి. తాడు కట్టిన బకెట్‌తో నీళ్ళు తోడి, కలియబెట్టి, గొట్టంలోకి కొద్దికొద్దిగా పోస్తూ పైనుంచి చూడండి. బిళ్ళ మీద నలుపుకూ తెలుపుకూ తేడా చెరిగిపోయిన క్షణంలో ఆపి ఎత్తు రాసుకోండి. ఎండకు వీపు పెట్టి, మీ నీడలో చూడాలి. ఒకరు పోస్తే ఇంకొకరు చూడాలి. నీటిలోకి దిగకూడదు, ఒంటరిగా వెళ్ళకూడదు, ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

తర్వాత రంగు. తోడిన నీటిని తెల్ల పింగాణీ గిన్నెలో పోసి నీడలో పెట్టండి. దాన్ని దేనితో పోల్చాలి? జెనీవా సరస్సును జీవితమంతా చదివిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఫోరెల్‌కూ ఈ ప్రశ్నే వచ్చింది. నీలం నుంచి పసుపు కలిసిన ఆకుపచ్చ దాకా రంగు నీళ్ళను చిన్న గాజు గొట్టాల్లో వరుసగా పెట్టి ఆయన ఒక కొలబద్ద చేశాడు. ఉలె అనే మరో శాస్త్రవేత్త దాన్ని గోధుమ దాకా పొడిగించాడు. 21 రంగుల ఆ వరుసను ఇప్పటికీ వాడుతున్నారు. మనం మన కొలబద్దను మన రంగులతోనే చేసుకుందాం. వేలెడు గుడ్డ ముక్కలు పది తీసుకుని నీలిమందు, దానిమ్మ తొక్క, కరక్కాయ రంగుల్ని పాళ్ళు మార్చి అద్ది, ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి అట్ట మీద కుట్టుకోండి. గిన్నె పక్కన అట్ట పెట్టి దగ్గరి అంకె రాసుకోండి. పటం మీదికి ఎక్కే రంగు, చెరువు దగ్గర పోల్చిన రంగు ఒకటే అవుతాయి.

మూడో మెట్టు: నల్ల సిరా

ఏడాది చివరికి వస్తుండగా సిరా పెట్టాలి. రంగు పూత అంటిన మేకులు పక్కన పడేసి, పూత లేనివే అరకిలో తీసుకోండి. చేతికి తొడుగు లేకుండా ఏరవద్దు. ఇసుకతో రుద్ది కడిగి, మట్టి కుండలో గానీ గాజు జాడీలో గానీ వేయండి. రెండు లీటర్ల నీళ్ళు, 200 గ్రాముల తాటిబెల్లం కలపండి. మూత గట్టిగా బిగించకండి, పులిసేటప్పుడు వాయువు పుడుతుంది. గుడ్డ కట్టి నీడలో పెట్టి, రోజుకోసారి కర్రతో తిప్పండి.

నాలుగో రోజుకు నురగ, వారానికి పుల్లటి వాసన. బెల్లం ముందు సారాయవుతుంది, సారా పులిసి వెనిగర్‌లోని ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. పదిహేను రోజులు దాటాక నురగ అణుగుతుంది. ఇరవయ్యో రోజుకు వడకట్టండి. సీసాలోకి దిగిన నీరు పలచని టీ డికాషన్ రంగులో ఉంటుంది. ఇది నలుపు కాదే అని దిగులు పడకండి. నలుపు పుట్టేది సీసాలో కాదు, బట్ట మీద.

నాలుగో మెట్టు: బట్టకు పాలు, కరక్కాయ

గంజి, తెల్లబరిచే మందు లేని ముతక నూలు గాడా బట్ట కావాలి. రెండు మీటర్ల పొడుగు, మీటరు వెడల్పు. దానికి తోడు అదే బట్ట నుంచి జానెడు వెడల్పున్న పట్టీ ఒకటి చింపి ఉంచుకోండి, చివర్లో పనిపడుతుంది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఉడకబెట్టి, జాడించి ఆరేయండి.

మూలికల దుకాణంలో కరక్కాయలు కొని గింజ తీసి దంచండి. రెండు మీటర్ల బట్టకు నా లెక్క: 100 గ్రాముల కరక్కాయ పొడి, లీటరు నీళ్ళు, లీటరు కాచని చిక్కటి గేదె పాలు. పొడిని ముందు నీళ్ళలో కలిపి వడకట్టి, ఆ నీళ్ళలో పాలు పోసి, బట్టనూ పట్టీనీ ముంచి అరగంట పిసకండి. పిండి, నీడ పట్టున మొదలుపెట్టి తర్వాత ఎండలో ఆరేయండి. తెల్ల బట్ట వెన్న రంగు పసుపుకు తిరుగుతుంది.

కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపునిస్తుంది, పటికను పట్టి ఉంచుతుంది. పాలలోని కొవ్వు సిరాను పాకనివ్వదు. పాలు తక్కువైతే గీత అంచులు ఈకల్లా చీలిపోతాయి.

ఇక్కడ నేను తిన్న దెబ్బ చెప్పాలి. మొదటి బట్టను నేనున్న అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళతో తడిపాను. వెన్న రంగు రావలసిన బట్ట సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగింది. పాలు విరిగాయనుకున్నాను, కరక్కాయ పాతదనుకున్నాను. తర్వాత తాగే నీళ్ళతో చిన్న ముక్క చేస్తే చక్కటి పసుపు వచ్చింది. బోరు నీటిలో, తుప్పు గొట్టాల్లో ఉన్న ఇనుము కరక్కాయను చూసి బయటపడిందన్నమాట. ఆనాటి నుంచి కరక్కాయ పట్టించిన గుడ్డ ముక్క నాకు నీటి పరీక్ష కాగితం. అద్దకం పనివాళ్ళు ఊరు ఎంచుకునే ముందు నీటిని ఎందుకు ఎంచుకునేవారో ఆ బూడిద బట్ట నాకు నేర్పింది. శ్రీకాళహస్తి విద్యకు స్వర్ణముఖి నదిలో పారే నీరు ఆసరా. కృష్ణా డెల్టా చిరివేరు ఎరుపుకు అంత పేరు రావడానికి గవ్వల సున్నం కలిసిన అక్కడి ఇసుక నేల కారణం. ఎరుపు రంగు పదార్థం అల్యూమినియంతో పాటు కాల్షియం కూడా దొరికితేనే నిండుగా పలుకుతుంది. బట్ట మీద పువ్వు పూయించేది కింద నేల, పక్కన నీరు.

ఐదో మెట్టు: కలం, గీత

జానెడు వెదురు పుల్లను ఒక కొస సూదిగా చెక్కి, కొసను కొద్దిగా చీల్చండి. కొసకు అంగుళం పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించండి. ఆ ఉన్ని ముడే సిరాబుడ్డి. ముంచి తీసి వేళ్ళతో మెల్లగా నొక్కితే సిరా కొసకు దిగుతుంది. పాత పంచె మీద రెండు రోజులు గీతలు గీసి చేతికి అలవాటు చేయండి.

చింత పుల్లల్ని మూత పెట్టిన డబ్బాలో కాల్చి బొగ్గు చేసుకోండి. దాంతో ముందు గళ్ళు గీయండి. ఎడమ, కుడి పది పది సెంటీమీటర్ల అంచు వదిలితే మిగిలిన 180 సెంటీమీటర్లలో పన్నెండు గళ్ళు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు. పైనా కిందా ఐదేసి సెంటీమీటర్లు వదలండి. నీటి గీతకు పైన 40, కింద 50. గొట్టంలో రెండు సెంటీమీటర్లకు బట్ట మీద ఒకటి. ఉదాహరణకు ఒక నెల పొద్దుటి సగటు 36 వస్తే నీటి గీత నుంచి 18 సెంటీమీటర్లు రంగుకు వదిలి, కిందున్న 32 సెంటీమీటర్లు నలుపు.

బ్రిటన్ వాతావరణ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ 2018లో భూమి వేడెక్కుతున్న తీరును అంకెలు లేకుండా, ఏడాదికో రంగు చారగా చూపించాడు. నీలం చారలు ఎరుపులోకి జారిపోయే ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. మన గళ్ళకు కూడా అంకెలు అక్కర్లేదు. నలుపు ఎంత పైకి ఎక్కిందో కన్నే చెబుతుంది.

ఇప్పుడు సిరా. కలం ముంచి మొదటి గీత గీయండి. కొస నుంచి దిగేటప్పుడు డికాషన్ రంగే. పసుపు బట్టను తాకిందో లేదో గీత వెంట బూడిద నీడ పరుచుకుంటుంది, మీరు చూస్తుండగానే అది ముదురుతుంది, కొన్ని నిమిషాలకు కాటుకలా నిలుస్తుంది. ఇనుము, కరక్కాయ వగరు, గాలి మూడూ కలిసిన రంగు అది. ఎన్నిసార్లు గీసినా ఆ మొదటి గీత దగ్గర మా పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

ముందు పైభాగం గీయండి: కొంగ మెడ వంపు, నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకునే తీరు, డెక్క వేళ్ళు, వెనక అపార్ట్‌మెంట్ల వరుస. తర్వాత కింది నలుపు. దాన్ని కుంచెతో పూయకండి, సన్నటి అడ్డగీతలతో నింపండి. గడికి ఒక పూట పడుతుంది. కొన్ని నెలల గళ్ళు నింపేసరికి మణికట్టు లాగుతుంది. చూపు అందని నీరు ఎంత ఉందో ఆ నొప్పి గుర్తుచేస్తుంది.

ఆరో మెట్టు: పటిక, ఎరుపు

ఎరుపు ప్రాణులకు మాత్రమే. నీటికోడి నుదురు, తూనీగ తోక, తామర ఉంటే తామర. లీటరు నీటికి 50 గ్రాముల పటిక కరిగించి, ఎరుపు కావలసిన చోట మరో కలంతో పూయండి. పటిక నీరు కంటికి కనిపించదు, పూసిన చోటు మరిచిపోకుండా చిటికెడు మంజిష్ఠ పొడి కలుపుకోండి. ఒక రోజు ఆరనిచ్చి, ధారగా పడే నీటిలో జాడించండి. నిలవ నీటిలో జాడిస్తే వదులైన పటిక పక్కలకు పాకి ఎరుపు మరకలు పడతాయి.

పెద్ద గిన్నెలో మంజిష్ఠ వేళ్ళ పొడి వేసి, బట్టను ముంచి సన్నని సెగ మీద గంటసేపు తిప్పుతూ ఉంచండి. తెర్లనివ్వకండి, తెర్లితే ఎరుపు గోధుమకు దిగుతుంది. పటిక తాకిన చోటే రంగు గట్టిగా పడుతుంది. మిగతా బట్టకు అంటిన లేత గులాబిని పోగొట్టడానికి పేడ నీళ్ళలో రాత్రంతా ఉంచి, ఉతికి, మేడ మీద ఎండలో పరిచి మధ్యమధ్య నీళ్ళు చిలకరించండి. రెండు మూడు రోజుల్లో నేల రంగు తెల్లబడుతుంది, ఎరుపు నిలుస్తుంది.

ఏడో మెట్టు: నీటి రంగు

బట్టను మరోసారి పాలలో ముంచి ఆరేయండి. ఇప్పుడు నోటుపుస్తకం తెరిచి, గడికి రెండు అంకెలు చూసుకుంటూ రంగులు వేయాలి. దానిమ్మ తొక్కలు ఉడికించి పటిక కలిపితే ముదురు పసుపు. నీలిమందును సున్నం, బెల్లంతో పులియబెట్టిన తొట్టిలోని నీరు పచ్చగా ఉంటుంది, బట్ట మీద పూశాక గాలి తగిలి నీలమవుతుంది. నీలం ఆరాక దాని మీద పసుపు వేస్తే ఆకుపచ్చ. నీలం పలచబడి పసుపు చిక్కబడే కొద్దీ అది పాచి పచ్చ అవుతుంది. దానికి ఒక చుక్క ఇనుప సిరా కలిపితే మురుగు పచ్చ.

ఇక్కడే అందరి చెయ్యీ తడబడుతుంది. ఫలానా నెల గడిలో అంకె తొమ్మిది అని ఉన్నా, ఏడు వేస్తే బొమ్మ బాగుంటుందనిపిస్తుంది. పిల్లలు అడుగుతారు, పెద్దలూ అడుగుతారు. వేయకండి. వానలు దండిగా పడి చెరువు నిండిన నెలలో నీలం దానంతట అదే వస్తే, అప్పుడు దాని పక్కనున్న తొమ్మిది వల్లే ఆ నీలం వెలుగుతుంది.

ఎనిమిదో మెట్టు: ఉతుకు, మిగిలిన నీళ్ళు

చివరి ఉతుకు పారే నీటిలో కావాలి. మనకు స్వర్ణముఖి లేదు. మేడ మీద బట్టను ఏటవాలుగా కట్టి పైనుంచి సన్నగా నీళ్ళు వదిలి, కింద తొట్టిలో పట్టుకోండి.

ఈ పట్టుకోవడం తప్పదు. చెరువు మీద ప్రేమతో బొమ్మ వేసి రంగు నీళ్ళను మోరీలోకి వదిలితే అవి చివరికి ఏదో ఒక చెరువుకే చేరతాయి. హైదరాబాద్ చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండి పొర్లితే కిందిదానికి పోయేలా పూర్వులు కట్టారు. వాన నీటి కోసం వేసిన ఆ దారిలోనే ఇప్పుడు మురుగూ నడుస్తోంది. మిగిలిన ఇనుప సిరాను మిగిలిన కరక్కాయ నీళ్ళలో పోయండి. రెండూ కలిసి నల్లటి మడ్డిగా కిందికి దిగుతాయి. వడకట్టి ఆరబెట్టి పొడి చేస్తే తుమ్మ జిగురుతో కలిపి వాడుకునే నల్ల రంగు. మంజిష్ఠ నీళ్ళు ఇంకో లేత రంగు బట్టకు పనికొస్తాయి. దానిమ్మ తొక్కలు ఎరువు గుంతలోకి. పంచాయతీగా ఉన్న రోజుల్లోనే చెట్లకూ, ప్లాస్టిక్ వద్దన్న నియమానికీ పేరుపడ్డ కాలనీ మా ప్రగతి నగర్. 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసింది, మేడలు పెరిగాయి, నీటి వాడకం పెరిగింది. మనం వదిలే ప్రతి బకెట్ ఎక్కడికి పోతుందో తెలుసుకోవడం ఈ పటం నేర్పే పాఠాల్లో పెద్దది.

తొమ్మిదో మెట్టు: అంచు

మొదట్లో విడిగా ఉంచిన జానెడు పట్టీ గుర్తుంది కదా. కరక్కాయ, పాలు పట్టి వెన్న రంగులో ఉంది. దానికి ఏ గీతా వద్దు. నిలువునా రెండుగా చింపండి. ఒకదాన్ని శుభ్రమైన తాగే నీళ్ళలో, రెండోదాన్ని ఆ ఉదయం తోడి తెచ్చిన చెరువు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. ఆరేసి, మొదటిదాన్ని పటానికి ఎడమ అంచుగా, రెండోదాన్ని కుడి అంచుగా కుట్టండి.

గళ్ళలో ఉన్నదంతా మన చేతి పని. ఎంత జాగ్రత్తగా కొలిచినా మన కన్ను, మన అంకె. కుడి అంచు ఒక్కటే చెరువు స్వయంగా వేసింది. నీటిలో ఇనుము ఉంటే బూడిద తిరుగుతుంది, బురద ఉంటే మరక కడుతుంది. ఒక్క గుడ్డ ముక్క నీటి రోగాలన్నీ చెప్పలేదు. సూక్ష్మజీవుల సంగతి, కరిగిన ప్రాణవాయువు సంగతి పరీక్షశాలే చెప్పాలి. అయినా రెండు అంచుల్నీ పక్కపక్కన చూసిన మనిషి తప్పకుండా అడుగుతాడు: ఇవి రెండూ ఒకే బట్టా?

పటాన్ని అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, బడి గోడ మీద, ఎక్కువమంది నడిచే చోట వేలాడదీయండి. పక్కన గొట్టం, అట్ట మీది పది రంగులు, నోటుపుస్తకం కూడా పెట్టండి, ఎవరైనా మళ్ళీ కొలిచి సరిచూసుకునేలా. వారమంతా హైటెక్ సిటీలో తెరల మీద గ్రాఫులు చూసేవాళ్ళు దీని ముందు నిలబడి చేత్తో తడుముతారు. ఇనుము పడ్డ చోట బట్ట కాస్త బిరుసుగా తగులుతుంది. కింది సగమంతా అలా బిరుసుగా ఉందేమని అడిగితే, చూపు అందని నీరని చెప్పండి.

వచ్చే వినాయక చవితికి ఇంట్లో మట్టి విగ్రహమే పెట్టి, బకెట్‌లో కరిగించి, ఆ మట్టిలో తులసి నాటండి. గట్టున మేకులు తగ్గితే మన సిరాకు ఇనుము తక్కువ పడుతుంది. పడనివ్వండి. గళ్ళలో నలుపు తగ్గే కొద్దీ సిరా అవసరమూ తగ్గుతుంది.